తలకిందుల సలహాలు: పరిశోధనలో కొత్తగా చేరినవారికి

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలో దాదాపు ప్రతి స్కాలర్‌కూ ఒకేరకం సలహాలు అందుతాయి. టాపిక్ చిన్నదిగా తీసుకో. పక్కచూపులు చూడకు. రీడింగ్ పాడైతే మళ్లీ తీయి. గైడు వద్దన్నది ముట్టుకోకు. ఫెలోషిప్పు అయిపోయేలోపు థీసిస్ ఇచ్చేసి బయటపడు. ఇవన్నీ మేలుకోరి చెప్పే మాటలే. డిగ్రీ చేతికి రావడానికి పనికొస్తాయి కూడా. కానీ పదార్థ భౌతికశాస్త్రం, వైద్యం, భూవిజ్ఞానం ఈ మూడింటి చరిత్ర తిరగేస్తే, మనం గుర్తుపెట్టుకున్న పనుల్లో చాలా వాటిని ఈ సలహాలు విననివాళ్లే చేశారు. అందుకని ఇక్కడ తలకిందులుగా కనిపించే సలహాలు రాస్తున్నాను. పెద్దవాళ్లు పెడదారి పట్టిస్తున్నావని కోప్పడవచ్చు. ఒక్కొక్కటీ నేను నమ్మి చెబుతున్నదే.

కొలత పాడైతే, కొలవాల్సినదాన్ని వదిలి ఆ పాడును కొలవండి

1948లో షికాగో విశ్వవిద్యాలయంలో క్లెయిర్ ప్యాటర్సన్ అనే యువకుడికి ఆయన గైడు హారిసన్ బ్రౌన్ ఒక పని అప్పగించారు. జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో ఉండే అతి కొద్దిపాటి సీసాన్ని కొలవాలి. యురేనియం క్షీణించి చివరికి సీసంగా మారుతుంది కాబట్టి, ఆ రెండింటి నిష్పత్తిని బట్టి రాయి వయసు చెప్పవచ్చు. యురేనియం కొలిచే భాగం జార్జ్ టిల్టన్ చూసుకున్నారు. ఆయన లెక్కలు కుదిరాయి. ప్యాటర్సన్ లెక్కలు మాత్రం కుదరలేదు. రాతిలో ఉండాల్సినదానికంటే సీసం ఎప్పుడూ చాలా ఎక్కువ వచ్చేది. తీసిన కొద్దీ అంకెలు తలోదారి పట్టేవి.

మామూలు సలహా ప్రకారమైతే ఆ రీడింగులు కొట్టేసి, శాంపిల్ మార్చి, మళ్లీ తీయాలి. ప్యాటర్సన్ ఆ అదనపు సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టారు. గాజు పాత్రల్లో ఉంది. ఆమ్లాల్లో ఉంది. నీటి గొట్టాల అతుకుల్లో, గాలిలోని దుమ్ములో, మనిషి చర్మం మీద, జుట్టులో కూడా ఉంది. తర్వాత కాల్టెక్‌కు మారి, ఆమ్లాలను మళ్లీ మళ్లీ శుద్ధిచేసి, గాలిని వడకట్టి, సీసం చొరబడని గదిని కట్టుకున్నారు. ఈనాటి క్లీన్‌రూమ్‌లకు అది తొలి నమూనాల్లో ఒకటి. అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్క ముక్కలోని సీసాన్ని ఆ శుభ్రతతోనే వేరుచేసి కొలిచారు. 1956లో అచ్చయిన ఆయన పేపర్ భూమి వయసు 455 కోట్ల ఏళ్లని చెప్పింది. ఈనాటికీ ఆ అంకె దాదాపు అలాగే నిలిచి ఉంది.

ఇంత సాధించాక చాలామంది హాయిగా వెనక్కి వాలేవారు. ప్యాటర్సన్‌ను మాత్రం తొలినాటి చికాకు వదల్లేదు. ఇంత సీసం ఊరంతా ఎలా పరుచుకుంది? సముద్రంలో లోతుకు పోయేకొద్దీ సీసం తగ్గి, పైపొరలో ఎక్కువగా ఉందని తేలింది. అంటే అది ఈ మధ్యే పైనుంచి వచ్చి పడుతోందన్నమాట. గ్రీన్‌లాండ్ మంచుపొరలు తవ్వి చూస్తే, పాత పొరల్లో కంటే కొత్త పొరల్లో సీసం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. 1923 నుంచి పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలుపుతున్నారు. ఇంజిను కొట్టుకోకుండా కలిపిన ఆ మందు కార్ల పొగగొట్టాలలోంచి గాలిలోకి, ఊపిరిలోకి, నెత్తురులోకి చేరుతోంది. 1965లో ఈ మాట అచ్చులో చెప్పాక పెట్రోలియం పరిశ్రమనుంచి వచ్చే నిధులు ఆగిపోయాయి. 1971లో గాలిలోని సీసం మీద అమెరికా జాతీయ పరిశోధన మండలి వేసిన సంఘంలో, ఈ విషయం అందరికంటే ఎక్కువ తెలిసిన ఆయనకు చోటు దొరకలేదు. ఆయన ఆగలేదు. ప్రాచీన పెరూవాసుల ఎముకల్లో సీసమెంతో, ఈనాటి అమెరికన్ల ఎముకల్లో ఎంతో పోల్చి, తేడా వందల రెట్లని 1979లో చూపించారు.

ఆయన 1995 డిసెంబరులో కన్నుమూశారు. మరుసటి నెల, 1996 జనవరి 1 నుంచి, అమెరికా రోడ్ల మీద తిరిగే బండ్లకు సీసం పెట్రోలు పూర్తిగా నిషిద్ధమైంది. మన దేశంలో 2000లో పోయింది. చివరి దేశం అల్జీరియా 2021లో ఆపేసింది. రాతి వయసు కొలవబోయి పాడైన రీడింగు దగ్గర మొదలైన పని అది. దాని ఫలితంగా పసిపిల్లల మెదళ్లకు మేలు జరిగింది. మీ నోట్‌బుక్‌లో "కంటామినేషన్" అని రాసి కొట్టేసిన పేజీలుంటే, వాటిని చింపకండి. ఆ మలినం ఎక్కడిది, ఎంత, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అన్నది పక్కనే రాయండి.

పరికరాన్ని దాని పనికి కాకుండా వేరే పనికి వాడి చూడండి

గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ ప్రసూతి వైద్య ఆచార్యుడు. యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసినవాడు కాబట్టి రాడార్, సోనార్ సంగతులు తెలుసు. ఆ ఊరికి దగ్గర్లో రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ ఫ్యాక్టరీ ఉండేది. వెల్డింగు అతుకుల్లో లోపల బీట ఉందేమో కనిపెట్టడానికి అక్కడ అల్ట్రాసౌండ్ యంత్రాలు వాడేవారు. ధ్వని తరంగం లోహంలోకి వెళ్తుంది. బీట తగిలితే తిరిగొస్తుంది. ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి దాటే అంచు దగ్గర ధ్వని కొంత వెనక్కి మళ్లడం భౌతికశాస్త్రంలో పాత సంగతే.

1955 జులైలో డొనాల్డ్ ఆపరేషన్లలో తీసిన గర్భసంచి గడ్డలను, అండాశయపు నీటితిత్తులను కారు డిక్కీలో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి వెళ్లారు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు పెద్ద మాంసం ముక్క ఒకటి తెప్పించారు. బాయిలర్ ఉక్కులో బీటలు చూసే యంత్రం గట్టి గడ్డ ప్రతిధ్వనినీ, నీరు నిండిన తిత్తి ప్రతిధ్వనినీ వేరుగా చూపించింది. ఇంజినీరు టామ్ బ్రౌన్ ఆ తర్వాత ఆయనకు తోడయ్యారు. 1958లో లాన్సెట్‌లో వాళ్ల పేపర్ వచ్చింది. ఈనాడు మండల కేంద్రంలోని స్కానింగ్ సెంటర్‌లో కూడా కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం తెర మీద కనిపిస్తోందంటే, దాని మొదలు ఆ వెల్డింగు తనిఖీలో ఉంది.

ఈ సలహాకు ఒక షరతు ఉంది. అదే యంత్రం మన దగ్గర ఆడపిండాలను గుర్తించి తీయించేయడానికి వాడుకున్నారు. దాన్ని ఆపడానికి 1994లో చట్టం చేయాల్సి వచ్చింది. పరికరాన్ని కొత్త పనికి తిప్పేవాడు ఆ కొత్త పని ఎవరికి చేటు చేయగలదో కూడా అప్పుడే ఆలోచించాలి. అది వేరే శాఖవాళ్ల పని అనుకోకూడదు.

మందు రోగాన్ని పెంచితే, ఆ మందును వదలకండి

ఇది రోగుల మీద ప్రయోగాలు చేయమని చెప్పే మాట కాదు. ఎదురు ఫలితాన్ని చూసి వెనక్కి తగ్గవద్దని చెప్పే మాట. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. రక్తహీనతకు అది మంచి మందు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానికి దగ్గరి పదార్థాలను ల్యుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చినప్పుడు, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఇంకెవరైనా ఆ ఫైలు మూసేసేవారు. రోగాన్ని పెంచేదేదో తెలిస్తే దానికి అడ్డుపడేది తయారుచేయవచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చువేసిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. రక్త క్యాన్సర్‌కు మందుతో తాత్కాలికంగానైనా ఊరట దొరుకుతుందని స్పష్టంగా చూపిన తొలి పనుల్లో అది ఒకటి. దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను ఈరోజుకీ ల్యుకేమియాకూ, కీళ్లవాతానికీ రాస్తున్నారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు వెళ్లిపోయారు. ఆయన పేరు తెలియని తెలుగు స్కాలర్లు ఇప్పటికీ ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆపేయమన్న పనిని కొంతైనా బతికించి ఉంచండి

1964లో కెనడా నుంచి వెళ్లిన వైద్య బృందం పసిఫిక్‌లోని ఈస్టర్ దీవి మట్టిని తెచ్చింది. ఆ దీవి అసలు పేరు రాపా నూయి. మాంట్రియల్‌లోని అయెర్స్ట్ కంపెనీలో సురేంద్రనాథ్ సెహగల్ ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. దీవి పేరు మీదే దానికి రాపమైసిన్ అని పేరొచ్చింది. మొదట శిలీంధ్రాలను చంపే మందనుకున్నారు. ఒంట్లోని రక్షణశక్తిని తగ్గిస్తుందని తేలాక పక్కన పెట్టారు. 1980ల మొదట్లో కంపెనీ మాంట్రియల్ ల్యాబును మూసేసింది. సెహగల్ ఆ సూక్ష్మజీవి కల్చర్‌ను మూటగట్టి తన ఇంటి ఫ్రీజర్‌లో దాచి, న్యూజెర్సీకి మారినప్పుడు వెంట తీసుకెళ్లారు. కొన్నేళ్ల తర్వాత కొత్త యాజమాన్యాన్ని ఒప్పించి పని మళ్లీ మొదలుపెట్టించారు. పనికిరాదన్న ఆ గుణమే అప్పుడు పనికొచ్చింది. మార్చిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఉండటానికి 1999లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. తర్వాత గుండె రక్తనాళాల్లో పెట్టే లోహపు స్టెంట్‌లకు ఇదే మందును పూతగా పూశారు, నాళం మళ్లీ మూసుకుపోకుండా. ఒక దీవి మట్టి, ఒక సూక్ష్మజీవి, ఒక లోహపు జాలీ కలిసి చేసిన పని అది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమందో లెక్కలేదు.

ల్యాబు సరుకు ఇంటికి మోసుకెళ్లమని నేను చెప్పడం లేదు. జీవభద్రత నియమాలను కచ్చితంగా పాటించాలి. నేను చెప్పేది ఇది: ప్రాజెక్టు మూసేస్తున్నప్పుడు మూలం చచ్చిపోకుండా చూడండి. కల్చర్ బ్యాంకులో పెట్టించండి, రాతి ముక్కను మ్యూజియానికి ఇవ్వండి, డేటాను పది మందికీ చదవడం వచ్చే ఫైలులో వదిలివెళ్లండి.

ఆపమనడం ప్రతిసారీ ఆజ్ఞ రూపంలోనే రాదు. "ఇందులో కొత్తదనం ఏముంది" అన్న ప్రశ్న రూపంలో కూడా వస్తుంది. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల్లో 313 భాగాలు ఉంది. రోజూ అదే కొలత. 1964లో నిధులు లేక కొన్నాళ్లు ఆగింది కూడా. ఈనాడు ఆ అంకె 420 దాటింది. భూగోళం వేడెక్కడం గురించి మనం మాట్లాడే ప్రతి మాటకూ ఆ వక్రరేఖే పునాది. మీ పని రోజూ ఒకటే కొలత తీయడమైతే చిన్నబోకండి.

అసాధ్యం కనిపిస్తే రాసిపెట్టండి, వెంటనే చాటించకండి

1982 ఏప్రిల్ 8న అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న డాన్ షెక్ట్‌మన్, వేగంగా చల్లార్చిన అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి చూశారు. చుక్కలు పదేసి చొప్పున వలయాలుగా కనిపించాయి. స్ఫటికంలో అలాంటి సౌష్ఠవం ఉండదని ప్రతి పాఠ్యపుస్తకమూ చెప్పేది. ఆయన నోట్‌బుక్‌లో ఆ సంగతి రాసి పక్కన మూడు ప్రశ్నార్థకాలు వేశారు. జంట స్ఫటికాలు కలిసి ఇలా భ్రమ కల్పిస్తున్నాయేమోనని వెతికారు. దొరకలేదు. ఆయన గ్రూపు నాయకుడు పాఠ్యపుస్తకం చేతికిచ్చి చదువుకోమన్నారు, ఆ తర్వాత గ్రూపులోంచి వెళ్లమన్నారు. పేపర్ అచ్చయింది 1984 నవంబరులో. రెండుసార్లు నోబెల్ అందుకున్న లైనస్ పాలింగ్ చివరిదాకా ఒప్పుకోలేదు. 1985లో బెంగళూరు ఐఐఎస్సీలో మనవాళ్లు కూడా క్వాసీక్రిస్టల్ అని పేరుపడ్డ ఈ కోవలోనే కొత్త రకాన్ని, దశభుజ క్వాసీక్రిస్టల్‌ను, గుర్తించినవారిలో ఉన్నారు. 1992లో స్ఫటికం నిర్వచనాన్నే మార్చారు. షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

దీనికి భూవిజ్ఞానంలో వచ్చిన కొనసాగింపు నాకు ఇంకా ఇష్టం. ప్రకృతిలో ఇలాంటివి ఉండవన్న మాటను నమ్మకుండా, ఖనిజశాస్త్రవేత్త లూకా బిండి ఇటలీలోని ఫ్లోరెన్స్ మ్యూజియంలోని పాత రాళ్లలో వెతికారు. రష్యా ఈశాన్య కొసన కొర్యాక్ పర్వతాల నుంచి వచ్చిన ఒక చిన్న ముక్కలో అలాంటిది దొరికింది. 2009లో ప్రకటించారు. 2011లో భౌతికశాస్త్రవేత్త పాల్ స్టైన్‌హార్ట్ బృందంగా వెళ్లి అక్కడి ఒక వాగు మట్టిలో మరిన్ని రేణువులు తెచ్చారు. అది ఉల్క ముక్క అని తేలింది.

ఇక 2023 జులై సంగతి. కొరియా బృందం ఒకటి ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గది వేడిలోనే అతివాహకమని ప్రకటించింది. వారం తిరగకుండా వాట్సాప్ నిండా అదే. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా ఎన్నో చోట్ల తయారుచేసి చూశారు. అతివాహకత కనిపించలేదు. విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి అసలు కారణం అందులో మలినంగా మిగిలిన కాపర్ సల్ఫైడ్. దాదాపు 104 డిగ్రీల దగ్గర అది రూపం మార్చుకుంటుంది. ప్యాటర్సన్ అయితే ముందు ఆ మలినాన్నే వెతికి ఉండేవాడు. షెక్ట్‌మన్ తన ఫలితాన్ని పడగొట్టడానికి ముందు తానే ప్రయత్నించాడు. మీ ఫలితాన్ని మీకంటే గట్టిగా ఎవరూ పరీక్షించకూడదు. ఈ విషయంలో నాకు మెతకతనం లేదు.

మీ సంస్థ క్యాంటీన్‌లో తినకండి

హైదరాబాద్‌లో తార్నాక నుంచి హబ్సిగూడ దాకా నడిస్తే ఆ కాస్త దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. తిండి, రసాయనం, కణం, భూమి. ఒకరి సెమినార్‌కు ఇంకొకరు వెళ్లకుండా ఐదేళ్లు గడిపేసే స్కాలర్లు అక్కడ ఉన్నారు. ఈ ఒక్క అలవాటు మార్చుకోమని బతిమాలుతున్నాను. ఎందుకో, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో బాధపడ్డ నల్గొండను చూస్తే తెలుస్తుంది.

ఫ్లోరోసిస్‌ను మన ప్రాంతంలో 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ తదితరులు వైద్య పత్రికలో వివరించారు. వైద్యుడికి అది వంగి బిగుసుకుపోయిన వెన్ను, చాపలేని మోచేయి, మచ్చలుపడ్డ పళ్లు. భూవిజ్ఞానికి అది గ్రానైట్ కథ. ఆ రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తగ్గి, సోడియం బైకార్బనేట్ పెరిగితే ఇంకా ఎక్కువ దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో గడిపే కాలం పెరుగుతుంది. పదార్థ భౌతికశాస్త్రం చదివినవాడికి అది స్ఫటికంలో జరిగే మార్పిడి. ఎముకలోని హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరుతుంది. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా, బలంగా కనిపిస్తుంది, నిజానికి పెళుసెక్కి ఉంటుంది. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి వంగిపోయిన నల్గొండ పిల్లల గురించి లాన్సెట్‌లో రాసినప్పుడు, ఒక్క ఫ్లోరైడ్ అంకెతో ఆ సంగతి తేలదని అర్థమైంది. తిండి, నీటిలోని ఇతర మూలకాలు, భూగర్భ జలంలో వచ్చే మార్పులు అన్నీ చూడాల్సి వచ్చింది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ పద్ధతి అనే అంటుంది. రసాయనంగా అది సరైనదే. కానీ ప్రతి బోరు నీటికీ పటిక మోతాదు వేరు. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పోయాలన్నది ఇంకో చిక్కు. రోజూ బకెట్ ముందు కూర్చుని కలిపే ఇల్లాలి తీరికను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చివరికి చాలా ఊళ్లకు ఊరట తెచ్చింది నదీజలాలను పైపుల్లో తేవడమే. 2016లో మొదలైన మిషన్ భగీరథ దాన్ని తెలంగాణ రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది. రాయి తెలిసినవాడు, ఎముక తెలిసినవాడు, రోగిని చూసేవాడు, నీళ్లు మోసే మనిషి తొలినుంచీ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటే, ఆ జిల్లాలో ఎన్నో వెన్నులు నిటారుగా ఉండేవని నా గట్టి నమ్మకం.

గైడులకు కూడా ఒక విన్నపం. ఈ సలహాలు పాటించే ధైర్యం స్కాలర్‌కు మీ దగ్గరనుంచే రావాలి. ఫెలోషిప్పు గడువు, పేపర్ల లెక్క, ఫండింగ్ రిపోర్టు మీ మీద కూడా ఉన్నాయని తెలుసు. అయినా రేపు మీ విద్యార్థి వచ్చి "సార్, రీడింగ్ పాడైంది" అంటే, మళ్లీ తీయమని పంపేయకండి. కూర్చోబెట్టి, ఎక్కడ, ఎంత పాడైందో చూపించమనండి.